రోజూ ఒకటి, ఉదయం

ఆగస్టు 19

జాబితా వచ్చింది. జిల్లా మొత్తానికి పద్నాలుగు ఫార్మసిస్టు పోస్టులు, నా పేరు పదకొండోది. కాంట్రాక్టు ఉద్యోగమే, అయినా ప్రభుత్వాసుపత్రి. మందుల కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన ఈ డైరీ ఎనిమిది నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇవాళ్టి నుంచి రాస్తాను.

కబురు వచ్చినప్పుడు మందుల కొట్లో జనం కిటకిటలాడుతున్నారు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మందులు కట్టాను. యజమాని ధనరాజ్ గారు అటునుంచి చూసి, "నౌకరీ వచ్చిందని కొట్టొగ్గేసి ఎల్లిపోతావేటి హరీ, ఇంకో మనిషి దొరికీదాకా ఉండాల" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

ఆ ఫోను పెట్టకముందే జగ్గమ్మ వచ్చింది, కోడలు తులసిని వెంటబెట్టుకుని. పొందూరులో ఖద్దరు నూలు వడికేవాళ్లలో పాత మనిషి. వేళ్లు కణుపుల దగ్గర వాచిపోయాయి. విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకి చూపించుకుంటే కీళ్లవాతం అన్నారట, రెండు రకాల మాత్రలు రాశారు. "బొటనేలూ సూపుడేలూ బాగుపడితే సాలు బాబూ. సన్నదారం ఈ రెండేల్ల మీదే వస్తాది" అంది. ఎలా వాడాలో కవర్ల మీద రాసిచ్చాను. "నువ్వు రాసీ, మా తులసి సదివి ఏస్తాది. పదో తరగతి పాసయినాది" అని కోడలి వైపు గొప్పగా చూసింది. తులసి సిగ్గుపడి అటు తిరిగింది.

"ఎల్లొస్తాం డాక్టరుబాబూ" అన్నారు వెళ్తూ. ఇక్కడ అందరూ అలాగే పిలుస్తారు. కొత్తలో కాదని చెప్పేవాణ్ని.

శ్రీకూర్మం ఫోన్ చేశాను. నాన్న, "ఇంటిపేరుతో సహా ఉందా? వేరే హరిచరణ్ కాదు కదా?" అన్నారు.

ఆగస్టు 23

సర్టిఫికెట్ల పరిశీలన వచ్చే నెల 12న. ఇంటర్ మార్కుల జాబితా నాన్న దగ్గర ఇనప్పెట్టెలో ఉంది. తెల్ల చొక్కా ఒకటి కుట్టించుకోవాలి.

ఆగస్టు 29

మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు తులసి వచ్చింది. అత్తకి నోరు పూసిందట. "గెంజి కూడా దిగడం నేదు బాబూ. నోరిప్పితే రగతం వస్తంది." పూతకి రాసే జెల్ ఇచ్చాను, బి-కాంప్లెక్స్ ఇచ్చాను. వాడుతున్న మందులు చూపించమంటే కొంగుముడిలోంచి కవరు తీసింది. అందులో స్ట్రిప్పులో ఒకే ఒక్క మాత్ర మిగిలి ఉంది. ఇది ఇక ఆపేయమని చెప్పి కవరు నా దగ్గరే ఉంచుకున్నాను. రెండ్రోజుల్లో తగ్గుతుందని చెప్పాను.

వేడి చేసి ఉంటుంది. ఈ ఎండలకి చాలామందికి పూస్తోంది.

ఆగస్టు 30

తులసి రాలేదు. తగ్గి ఉంటుంది. తగ్గకపోతే వచ్చేదే కదా.

ఆగస్టు 31

తగ్గి ఉంటుంది.

సెప్టెంబరు 1

తగ్గలేదు.

జగ్గమ్మ కొడుకు రాముడి ఆటో రెండు రోజులుగా స్టాండులో లేదు. ధనరాజ్ గారు చెప్పారు, తల్లికి జ్వరం ముదిరి శ్రీకాకుళంలో ఆసుపత్రిలో పెట్టారట. రక్తకణాలు పడిపోతున్నాయట. డెంగ్యూ అనుకుంటున్నారట.

డెంగ్యూ కాదు.

ఈ పుస్తకం నేనొక్కణ్నే చదివేది. ఇందులో కూడా వేడి చేసిందని రాశాను. చేతిరాత కూడా బాగుంది ఆ రోజున, ఎక్కడా తడబడలేదు.

జరిగింది ఇది. ఒక మాత్ర కీళ్లవాతానిది, మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కటే వేసుకోవాలి. రెండోది విటమిన్, మిగతా రోజుల్లో వేసుకోవాలి. రెండూ చిన్నవి, రెండూ పసుపువి. నేను చెవి దగ్గర ఫోను పెట్టుకుని, పదకొండో పేరు, పదకొండో పేరు అని వింటూ, విటమిన్ కవరు మీద రాయాల్సింది కీళ్ల మందు కవరు మీద రాశాను. "రోజూ ఒకటి, ఉదయం, టిఫిన్ తర్వాత." కింద గీత కూడా గీశాను, మరిచిపోకుండా ఉండాలని.

ఫార్మసీ మూడో సంవత్సరంలో మాస్టారు ఆ మందు పేరు బోర్డు మీద రాసి, దీన్ని రోజూ మింగితే మనిషి దక్కడు అని చెప్పారు. నేను ముందు బెంచీలో ఉన్నాను.

మొన్న తులసి కవరు చేతిలో పెట్టగానే తెలిసిపోయింది. ఒక్క క్షణం కూడా పట్టలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు అనాలి. ఆ మాట నోట్లోకి వచ్చింది కూడా. ఎందుకు అని అడుగుతుంది కదా అనుకున్నాను. తర్వాత నా నోటితో నేనే, ఏం పర్వాలేదు, రెండ్రోజుల్లో తగ్గుతుంది అన్నాను. కవరూ మాత్రా తీసుకుని సొరుగులో వేశాను. వాళ్ల దగ్గర అవి ఉండి ఉంటే ఆసుపత్రిలో డాక్టరైనా చూసి ఉండేవారు.

సెప్టెంబరు 2

వెళ్లాను. పొద్దున్న మొదటి బస్సుకి. బస్సు దిగి ఆసుపత్రి ఎదురుగా టీ తాగాను, ఇంకో టీ తాగాను.

ఆడవాళ్ల వార్డులో చివరి మంచం. జగ్గమ్మని గుర్తుపట్టలేదు నేను. పెదాలు నల్లగా పెచ్చులు కట్టి ఉన్నాయి, నోరు పలకడం లేదు. రాముడు లేచి నిలబడి, "మీరొచ్చినారేటి బాబూ ఇంత దూరం" అన్నాడు. తులసి స్టూలు ఖాళీ చేసి నన్ను కూర్చోమంది.

డాక్టరమ్మ రౌండుకి వచ్చేదాకా ఆగి, ఆవిడకి చెప్పాను. ఫార్మసిస్టునని చెప్పి, ఈమె వారానికొకటి వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ తొమ్మిది రోజులు వరసగా వేసుకున్నారని చెప్పాను. ఆవిడ చేతిలో కాగితం నర్సుకిచ్చేసి నా వైపు పూర్తిగా తిరిగారు.

"తొమ్మిది రోజులా? రోజూనా?"

"రోజూ."

"ఇది మూడు రోజుల కిందట తెలిసి ఉంటే..." అని ఆపేసి, దానికి విరుగుడు ఇంజెక్షను పేరు చెప్పి ఇక్కడ దొరక్కపోతే విశాఖ నుంచి తెప్పించమని పురమాయించారు. నాతో, "మంచిపని చేశారు మీరు వచ్చి" అన్నారు. తర్వాత రాముడి వైపు చూసి, "వారానికి ఒక్కటేనని మీకు చెప్పలేదా ఎవరూ?" అని అడిగారు.

రాముడు తులసి వైపు చూశాడు.

"కవరు మీద రోజూ అనే ఉన్నాదండి" అంది తులసి. "నాను సదివే ఏసినాను. ఆ కవరు బాబుగారి కాడే ఉండిపోనాది. మొన్న నాను ఎల్లినప్పుడు."

అందరూ నా వైపు చూశారు. డాక్టరమ్మ, రాముడు, పక్క మంచం మీద ఆవిడ.

"నేను వారానికి అనే రాస్తాను. ఎప్పుడూ అలాగే రాస్తాను" అన్నాను. "కవరేదీ నా దగ్గర లేదు."

గొంతు మామూలుగానే ఉంది. కొట్లో, ఆ బ్రాండు లేదు, వేరేది ఇమ్మంటారా అంటానే, ఆ గొంతు.

రాముడు పెద్దగా అరవలేదు. "పదో తరగతి అన్నారు నీది" అన్నాడు తులసితో. అంతే అన్నాడు. తులసి నా వైపు చూస్తూ ఉంది. కోపంగా కాదు, ఏదో అక్షరం కూడబలుక్కుంటున్నట్టు చూస్తూ ఉంది.

సెప్టెంబరు 3

ఇంజెక్షను దొరికిందట.

సెప్టెంబరు 5

కణాలు పెరుగుతున్నాయి. గండం గడిచినట్టే అన్నారట.

ఇవాళ రాముడు కొట్టుకి వచ్చాడు. అరిటాకులో చుట్టి ఆరు సీతాఫలాలు తెచ్చాడు. కొట్లో ఉన్నవాళ్లందరి ముందూ, "ఈ బాబు రాకపోతే మాయమ్మ నేదు" అన్నాడు. ధనరాజ్ గారు నా వీపు తట్టారు. మందులకి వచ్చిన ఒక ముసలాయన రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టాడు.

నేను ఏమన్నానో కూడా రాసుకోవాలి. "అది నా డ్యూటీ" అన్నాను.

సెప్టెంబరు 6

సీతాఫలాలు పండిపోయాయి. గదంతా వాసన. తినలేదు, పారెయ్యలేదు.

సెప్టెంబరు 8

ఆదివారం. మార్కుల జాబితా కోసం శ్రీకూర్మం వెళ్లాను. కబురు నాకంటే ముందే చేరింది. ధనరాజ్ గారి చుట్టాలెవరో గుడికి వచ్చి నాన్నకి చెప్పారట, మీ అబ్బాయి ఒక ప్రాణం నిలబెట్టాడని. నాన్న గుడిలో పొద్దుటి సేవకి కీర్తనలు పాడి వచ్చి, కండువా కూడా తియ్యకుండా అరుగు మీద కూర్చుని నన్ను వివరంగా చెప్పమన్నారు. ఎలా కనిపెట్టావు, ఏ లక్షణం చూసి కనిపెట్టావు అని అడిగారు. చెప్పాను. నోటిపూత, జ్వరం, కణాలు పడిపోవడం, ఇవి మూడూ కలిస్తే అనుమానించాలని పాఠం చెప్పినట్టు చెప్పాను. నాన్న శ్రద్ధగా విన్నారు.

"మీ అమ్మ ఉంటే బాగుండేది" అన్నారు.

సైన్సు గ్రూపులో వెయ్యొద్దు, మన ఇంట్లో ఎవరూ చదవలేదు అని అందరూ అన్నప్పుడు నాన్నే వేశారు నన్ను.

సెప్టెంబరు 12

సర్టిఫికెట్ల పరిశీలన అయింది. ఆఖరి కాగితం ఒక ప్రకటన. వృత్తిలో నాపై ఎలాంటి ఫిర్యాదూ లేదని కింద సంతకం పెట్టాలి. పెట్టాను.

అబద్ధం కాదు. ఫిర్యాదు ఎవరూ ఇవ్వలేదు.

సెప్టెంబరు 16

జగ్గమ్మ ఇంటికి వచ్చిందని తెలిసి వెళ్లాను. ఎందుకు వెళ్లానో తెలీదు. చూసిరావాలనిపించింది అని రాద్దామనుకున్నాను గానీ, అది కాదు. ఎవరికి ఎంత తెలుసో చూద్దామని వెళ్లాను.

ఇంట్లో ఆవిడ ఒక్కర్తే ఉంది. గోడకి చేరబడి కూర్చుంది. మనిషి సగమైపోయింది. రాట్నం మీద గుడ్డ కప్పి ఉంది. దూది ఏకడానికి వాడే చేప దవడ ఎముక కిటికీలో ఉంది, దాన్ని చూపించి, ఇది కూడా పట్టుకోలేకపోతున్నానంది. మాట ముద్దగా వస్తోంది గానీ వస్తోంది.

"తులసి ఏదీ?" అన్నాను.

"పాతపట్నం ఎల్లిపోనాది. కన్నోరింటికి." మళ్లీ తనే, "ఎల్లిపోనాది కాదు. ఆడు తోలేసినాడు. ఆసుపత్రి మెట్ల కాడ అందరూ సూస్తండగా సెంప మీద కొట్టినాడు. దానికి సదవడం రాదని, మా అమ్మని సంపీబోయిందని. అది నోరెత్తనేదు. బస్సెక్కి ఎల్లిపోనాది."

నేను నేలకేసి చూస్తున్నాను.

"నాకప్పుడు నోరు పలకదు గదా బాబూ. పలికినాక సెప్పినాను ఆడికి. ప్రతి పొద్దూ నా ముందే సదివీది, రోజూ ఒకటి, ఉదయం, టిఫిను తరవాత, అని సదివి అప్పుడు నోట్లో ఏసీది. నాకు సదువు రాదు గానీ సెవులు ఉన్నాయి. ఆడేటన్నాడో తెల్సా? కోడలి మీద పేమతో సెప్తన్నావు అన్నాడు."

అక్షరం అక్షరం అదే. నేను రాసిన వరసలోనే.

జగ్గమ్మ నా మొహంలోకి చూసి అడిగింది. "నువ్వేటి రాసినావు బాబూ?"

"గుర్తు లేదమ్మా" అన్నాను. "రోజుకి వందమందికి రాస్తాం."

ఆవిడ తలూపింది. "అవును, నువ్వు మాత్రం ఎంతమందివని గుర్తెట్టుకుంటావు" అంది. మజ్జిగ తాగి వెళ్లమంది. తాగి వచ్చాను.

సెప్టెంబరు 17

మజ్జిగ తాగి వచ్చాను.

సెప్టెంబరు 20

ఆర్డరు వచ్చింది. పదిహేను రోజుల్లో చేరాలి. నాన్న కొత్త పంచె కట్టుకుని గుడిలో అర్చన చేయించారట నా పేరున.

కవరు ఇంకా సొరుగులోనే ఉంది. ఎందుకు చింపెయ్యలేదో నాకు అర్థం కావడం లేదు. చింపడానికి రెండుసార్లు తీశాను. మంచితనం వల్ల కాదు. చింపేస్తే ఇక ఎప్పటికీ చెప్పలేను అని భయం, ఉంచుకుంటే ఎప్పటికైనా చెప్పొచ్చు అని ధైర్యం. ఎప్పటికైనా అనుకుంటూ చాలాకాలం బతికెయ్యొచ్చు. అలా బతికేవాణ్నని నాకిప్పుడు తెలిసింది.

సెప్టెంబరు 22

ధనరాజ్ గారికి చెప్పాను. షట్టరు సగం దించి విన్నారు. మొత్తం విన్నాక బీడీ వెలిగించుకున్నారు, కొట్లో ఎప్పుడూ కాల్చరు.

"ముసల్ది బతికినాది కదా" అన్నారు.

"బతికింది."

"మరింకేటి? నిన్నెవులడిగినారు? ఆ కాయితం ఇలాగియ్యి, కాల్చేస్తాను. ఆ మొగుడూ పెళ్లాల గొడవ ఆల్లది, రెండు నెలలకి ఆల్లే కలుస్తారు. నీ నౌకరీ పోతాది, నా లైసెన్సు మీదకి వస్తాది. ఇరవైరెండేళ్ల కొట్టు హరీ ఇది."

ఆయన చెడ్డమనిషి కాదు. జ్వరంతో వచ్చిన కూలీవాళ్లకి ఊరికే మందులివ్వడం నా కళ్లతో చూశాను. ఆయన అన్న ప్రతి మాటా నేను ఈ మూడు వారాలూ నాతో నేను అనుకున్నదే. బయటి మనిషి నోట వింటే ఎంత నీచంగా ఉందో అప్పుడు తెలిసింది.

కవరు ఇవ్వలేదు.

సెప్టెంబరు 24

పొద్దున్న రాముడి ఇంటికి వెళ్లాను. అతను ఆటో కడుగుతున్నాడు. జగ్గమ్మ గుమ్మంలో ఎండకి కూర్చుని ఉంది. నన్ను చూసి రాముడు తువ్వాలుతో చేతులు తుడుచుకుని కుర్చీ తెచ్చాడు. కూర్చోలేదు. కవరు అతని చేతికిచ్చాను. అతనికి కూడబలుక్కుని చదవడం వచ్చు. కవరు ఎండకేసి పట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. రో, జూ. అక్కడే ఆగిపోయాడు.

"నా చేతిరాతే" అన్నాను. "తప్పు నేనే రాశాను. తులసి సరిగ్గానే చదివింది. మొదట ఆమె వచ్చిన రోజే నాకు తెలిసింది. ఆసుపత్రిలో అబద్ధం చెప్పాను."

దారంతా ఇవే మాటలు వల్లించుకుంటూ వచ్చాను, అందుకని ఆగకుండా వచ్చేశాయి. ఇంకా చెప్పాలనుకున్నవి ఉన్నాయి. ఫోను, జాబితా, రెండు మాత్రలూ ఒకే రంగు. అవి చెప్పలేదు.

రాముడు కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను కూడా. అతను కవరు చేతిలో పెట్టుకుని ఆటో చక్రం పక్కన చతికిలబడ్డాడు.

"నీకు సీతాఫలాలు తెచ్చినాను నాను" అన్నాడు.

అంతవరకూ నన్ను మీరు అనేవాడు.

"నాను దాన్ని కొట్టినాను. మెట్ల కాడ. మంది సూస్తండగా." ఆ మాట నాతో అన్నాడో తల్లితో అన్నాడో తెలీదు. జగ్గమ్మ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "మొన్న అడిగినాను గదా బాబూ నిన్ను" అంది. "నీ కల్లల్లోకి సూసి అడిగినాను." తర్వాత కొడుకుతో, "కూకున్నావేటి? బండి తియ్యి" అంది.

రాముడు లేచి నా వైపు చూడకుండా, "ఎక్కు" అన్నాడు.

పొందూరు నుంచి పాతపట్నం దాకా ఆటోలో. దారిలో ఒకచోట ఆపి రాముడు టీ తాగాడు, నాకోటి చెప్పలేదు. నేను దిగలేదు.

పాతపట్నంలో తులసి వాళ్లది రోడ్డు పక్క చిన్న పెంకుటిల్లు. తులసి వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. మా ఇద్దర్నీ చూసి లేవలేదు. వాళ్లమ్మ అసిరమ్మ లోపల్నుంచి వచ్చి, "మల్లీ ఏటికొచ్చినావు" అంది రాముడితో. రాముడు కవరు తీసి తులసి ముందు చింతపండు చేట మీద పెట్టాడు.

తులసి చెయ్యి కొంగుకి తుడుచుకుని తీసుకుంది. మొదట మనసులో చదువుకుంది. తర్వాత పైకి చదివింది, వాళ్లమ్మకి వినబడేట్టు, పక్కింటి గోడ దగ్గర నిలబడ్డవాళ్లకి వినబడేట్టు. "రోజూ ఒకటి, ఉదయం, టిఫిన్ తర్వాత." బడిలో పాఠం చదివినట్టు తడబడకుండా చదివింది.

నేను అక్కడే అందరికీ వినబడేలా చెప్పాను. రాసింది నేను, దాచింది నేను, అబద్ధం చెప్పింది నేను. అసిరమ్మ నా మొహాన దుమ్మెత్తి పోసింది. పొయ్యనీ.

తులసి ఆమెని ఆపింది. "ఉండవే. ఆయన ఒచ్చి సెప్పినాడు. పాతిక రోజులు అయినా ఒచ్చినాడు" అంది. నాకు ఆ మాటలో ఏదో ఊరట కనిపించింది, దాన్ని పట్టుకోబోయాను. వెంటనే అంది, "మీకు ఉద్దోగం ఒచ్చిందంట గదా. మరి అక్కడి కవర్ల మీద కూడా ఇలాగే రాసి గీత గీస్తారా?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగినట్టు అడిగింది.

రాముడు, "పద తులసీ ఇంటికి" అన్నాడు. "తప్పయిపోనాది."

ఆమె అతని వైపు తిరిగింది. "అయిదేళ్లు నీ ఇంట్లో ఉన్నాను. కరెంటు బిల్లు నానే సదివినాను, నీ బండి కాయితాలు నానే సదివినాను, ఏలు సూపించి నీసేత సంతకం నానే పెట్టించినాను. ఎప్పుడైనా తప్పు సదివినానా? నాను సెప్తే నమ్మనేదు. మీయమ్మ సెప్తే నమ్మనేదు. ఈ కాయితం సెప్తే నమ్మినావు. ఈ కాయితం ఈయన సింపేసుంటే?"

రాముడు ఆటో తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

ఆమె రాలేదు. కవరు మడిచి జాకెట్లో పెట్టుకుంది. చింతపండు ముందుకి లాక్కుంది. తిరుగు ప్రయాణంలో రాముడు నన్ను పాతపట్నం బస్టాండు దగ్గర దించేసి వెళ్లిపోయాడు.

సెప్టెంబరు 27

జిల్లా ఆరోగ్య శాఖ ఆఫీసుకి జరిగిందంతా నేనే రాసిచ్చాను. గుమస్తా రెండుసార్లు చదివి, "ఫిర్యాదుదారు ఎవరు?" అన్నాడు. నేనే అన్నాను. "ఎవరి మీద?" నా మీదే. అతను పక్క టేబులాయన్ని పిలిచి కాగితం చూపించాడు. ఇద్దరూ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు. "మీకెవరైనా గిట్టనివాళ్లు బలవంతం చేశారా?" అని మెల్లగా అడిగాడు. లేదని చెప్పి, రసీదు తీసుకుని వచ్చాను.

మంచి చేశానని అనిపించలేదు. తులసి అడిగిన ఆ ప్రశ్న చెవిలో పడకపోయి ఉంటే ఇది రాసిచ్చేవాణ్నా? రాసిచ్చేవాణ్ని కాదు.

అక్టోబరు 14

ఆర్డరు నిలిపేశారు. జాబితాలో పదిహేనో మనిషికి వెళ్తుంది. విచారణ తేలేవరకు ఏ కొట్లోనూ మందులు ఇవ్వకూడదన్నారు. ధనరాజ్ గారి మీద కూడా నోటీసు వెళ్లింది. ఆయన నా గదిలో సామాను తనే ఒక రిక్షా పెట్టి బస్టాండుకి పంపించారు.

అక్టోబరు 15

శ్రీకూర్మం. నాన్నకి చెప్పాను. అదే అరుగు మీద.

మొదట్నుంచీ చెప్పాను. ఆ ఆదివారం ఆయనకి నేను చెప్పిన పాఠం కూడా చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి అన్నం వండారు. ఇద్దరం తిన్నాం. తింటూ ఒక్కటే అడిగారు. "ఆ అమ్మాయి పేరేమిటన్నావు?"

"తులసి."

"ఆసుపత్రిలో అంతమందిలో ఆ పిల్ల మొహం చూస్తూ అన్నావా ఆ మాట?"

అవునన్నాను. ఆయన విస్తరి మడిచేశారు. అన్నం సగం మిగిలిపోయింది.

అక్టోబరు 21

నాన్నతో గుడి వీధిలో నడుస్తుంటే పాత పరిచయస్తుడు ఒకాయన ఆపి, అబ్బాయి ఎప్పుడు చేరుతున్నాడు ఉద్యోగంలో అని అడిగాడు. నేను నాన్న చెయ్యి పట్టుకుని ముందుకి లాగబోయాను. నాన్న కదల్లేదు.

"చేరడం లేదు" అన్నారు. "మందు తప్పు రాసి, దాన్ని ఇంకొకరి మీదకి నెట్టాడు. తర్వాత ఒప్పుకున్నాడు. అందుకని ఆగింది."

గొంతు తగ్గించలేదు, పెంచలేదు. ఆయన ఏదో సర్దిచెప్పబోతే నాన్న నమస్కారం పెట్టి నడిచారు.

నవంబరు 18

ఈ నెల్లాళ్లూ ఏమీ రాయలేదు. నాన్న దగ్గరే ఉండి వీధి పిల్లలకి లెక్కలు చెబుతున్నాను.

ఇవాళ గది తాళాలు అప్పగించడానికి పొందూరు వెళ్లాను. బస్టాండులో ఒకాయన చెప్పాడు, తులసి తిరిగి వచ్చిందట. రాముడు వారం వారం పాతపట్నం వెళ్లేవాడట, ఆమె మాట్లాడేది కాదట. ఆఖరికి జగ్గమ్మ ఒక్కర్తే బస్సెక్కి వెళ్లి, రెండు రోజులు వాళ్ల వాకిట్లో కూర్చుని, తీసుకొచ్చిందట. రాముడితో మాత్రం ఇంకా మాటల్లేవట.

తాళాలు ఇచ్చి తిరిగి వస్తుంటే ఖద్దరు సంఘం సందులో ఎదురుపడింది. చేతిలో నూలు చిలపల మూట ఉంది. జగ్గమ్మ మళ్లీ వడుకుతోందన్నమాట, లేకపోతే తులసే వడికి ఉంటుంది. సందు ఇరుకు. నేను గోడకి ఆనుకుని దారిచ్చాను. నన్ను చూసింది, ఎవరో తెలియని మనిషి దారిస్తే ఎలా వెళ్తారో అలా వెళ్లిపోయింది.

అప్పుడు ఏమైందో రాయడానికే ఇవాళ ఈ పుస్తకం తీశాను. ఆమె మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఒక్కసారి వెనక్కి చూస్తుందేమో, చూసి తలైనా ఊపుతుందేమో అని. అన్నీ ఒప్పుకున్నాను కదా, ఉద్యోగం కూడా పోయింది కదా, ఇంకా ఎందుకు చూడదు అని లోపల ఒకడు లెక్కలు కడుతున్నాడు.

వాడు ఆ రోజు వార్డులో, కవరేదీ నా దగ్గర లేదు అన్నవాడే.